జనాభా లెక్కల్లో దొరకని ముత్తాత, పెళ్లి కాగితాల్లో దొరుకుతాడు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ముత్తాతగారిది అమలాపురం తాలూకా. తాతమ్మగారి పుట్టిల్లు భీమవరం వైపు "కోడేరు" అని మాత్రం ఇంట్లో అనుకుంటారు, అంతకుమించి ఎవరికీ తెలియదు. లండన్‌లో మీతో పనిచేసే ఆయనకి 1921 జనాభా లెక్కల్లో వాళ్ల ముత్తాత ఇల్లు, ఇంట్లోవాళ్ల పేర్లు, వయసులు అన్నీ దొరికాయి. మన గోదావరి జిల్లాల 1921 లెక్కలు ఎక్కడ చూడాలి, వాళ్ల పెళ్లి రిజిస్టరు ఏ ఆఫీసులో ఉంటుంది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. జనాభా లెక్కల్లో మీ ముత్తాతగారి పేరు దొరకదు. ఆ కాలపు హిందూ పెళ్లికి ప్రభుత్వ రిజిస్టరు కూడా ఉండదు. కానీ తాతమ్మగారి పుట్టిల్లు దొరికే అవకాశం బాగానే ఉంది. పెళ్లి నేరుగా నమోదు కాకపోయినా, పెళ్లి వల్ల పుట్టిన కాగితాలు నమోదయ్యాయి. వాటిని వెతకాలి.

నేను డెల్టాలో 31 ఏళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుని రాసినవి ఎన్నో, చదివినవి అంతకు పదింతలు. రిటైరయ్యాక చుట్టాలకి, వాళ్ల చుట్టాలకి వంశం వెతికిపెట్టడమే పనైంది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

జనాభా లెక్కల సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతున్నారు. మన దగ్గర 1871లో ఒక లెక్క జరిగింది. 1881 నుంచి పదేళ్లకోసారి దేశమంతా ఒకే రాత్రి లెక్కపెట్టారు. 1921లో అది మార్చి 18. ఆ రాత్రి మీ ముత్తాతగారి పేరు, వయసు, కులం, వృత్తి ఎవరో ఒక ఫారం మీద రాసే ఉంటారు. అయితే ఆ ఫారాల నుంచి చీటీలు తీసి, చీటీలు వేరుచేసి, మొత్తాలు కట్టారు. మొత్తాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి, పేర్లున్న కాగితాలు దాచలేదు. స్వాతంత్ర్యం తర్వాతి లెక్కలకి 1948 సెన్సస్ చట్టం ఉంది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఇంటి వివరాలు ఎవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు. ఇంగ్లండులో నూరేళ్లు దాటాక తెరుస్తారు, అందుకే 2022లో మీ స్నేహితుడు చూడగలిగాడు. మనకి అలాంటి గడువేమీ లేదు.

అలాగని ఆ పుస్తకాలు పనికిరావని కాదు. మీ విషయంలోనే చూడండి. "కోడేరు" అన్నారు. భీమవరం పక్కన పాలకోడేరు ఉంది, గొల్లలకోడేరు ఉంది, విస్సాకోడేరు ఉంది. ఆచంట దగ్గర ఒట్టి కోడేరు ఇంకొకటి ఉంది. 1951, 1961 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో గ్రామాల జాబితా తాలూకావారీగా, జనాభాతో సహా ఉంటుంది. అది ముందు పెట్టుకుంటే ఎన్ని ఊళ్లు వెతకాలో తెలుస్తుంది. నాకైతే ఆచంట కోడేరు మీదే అనుమానం. కోనసీమ వాళ్లకి వసిష్ఠ గోదావరి దాటితే ఆచంట వైపు సంబంధాలు దగ్గర. రేవు దాటి పడవలో వెళ్లిన పెళ్లివారు చాలామంది. దూరపు వాళ్లకి చెప్పేటప్పుడు "భీమవరం వైపు" అనేసి ఉంటారు. ఇది అనుమానమే, నాలుగూ చూడాల్సిందే.

జిల్లాల మార్పు దగ్గర పొరపడకండి. ఆచంట ఉన్న నరసాపురం తాలూకా, భీమవరం తాలూకా 1859 నుంచి గోదావరి జిల్లాలో ఉండేవి. 1904లో తణుకు, ఏలూరు, ఎర్నగూడెంతో పాటు కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. అమలాపురం మాత్రం గోదావరిలోనే ఉండి, 1925లో తూర్పు గోదావరి అయింది, 2022లో కోనసీమ జిల్లా అయింది. కాబట్టి 1915 నాటి దస్తావేజులో తాతమ్మగారి ఊరు "కృష్ణా జిల్లా" అని కనిపిస్తే అది వేరే ఊరు అనుకుని పక్కన పెట్టేయకండి. రాజోలు వైపు వాళ్లకి ఇంకో చిక్కు. 1907 నాటి హెమింగ్వే గెజిటీరులో, అంటే ఆయన రాసిన గోదావరి జిల్లా వివరాల పుస్తకంలో, ఆ గ్రామాలు నగరం తాలూకా కింద ఉంటాయి.

ఇక పెళ్లిళ్లు. హిందువుల పెళ్లి నమోదు చేయించుకోవాలన్న నిర్బంధం మన రాష్ట్రంలో 2002 చట్టంతో వచ్చింది. అంతకుముందు పురోహితుడు, పందిరి, ఊరు సాక్ష్యం, అంతే. క్రైస్తవ కుటుంబాలకి మాత్రం అదృష్టం వేరు. 1872 చట్టం ప్రకారం చర్చి పెళ్లి రిజిస్టరులో వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు రాయాలి. నరసాపురంలో 1830ల నుంచి మిషను ఉంది. కాకినాడలో కెనడా బాప్టిస్టులు, రాజమండ్రిలో లూథరన్లు ఉన్నారు. బాప్తిస్మం పుస్తకంలో పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే కనిపించిన సందర్భాలు నేను చూశాను. ముస్లిం కుటుంబాలైతే ఖాజీగారి దగ్గర నికా పుస్తకాలు అడగాలి.

మరి మిగతావాళ్లకి? ఇక్కడే నేను ఎక్కువ చెప్పాలి.

మొదటిది చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఒకాయన పెట్టె పక్కన కూర్చుని ఎవరు ఎంత చదివించారో రాస్తాడు కదా, అదే. ఐదారేళ్ల క్రితం అంబాజీపేట వైపు ఒక ఇంట్లో నాకు 1948 నాటిది దొరికింది. పొడవాటి పుస్తకం, నిలువుగా మడిచి కుట్టినది, అట్ట మీద నాలుగు మూలలా పసుపు. భోషాణంలో అడుగున ఉండబట్టి 1986 వరద తడి కింద సగానికి పట్టింది. పైసగం చక్కగా ఉంది. ఒక్కో ఊరు పేరు రాసి దాని కింద మనుషులు. రూ. 1-4-0, రూ. 2-0-0, "మేనమామ గారు బట్టలు, వెండి కుంకుమభరిణ". దశాంశ నాణేలు రాని రోజులు కాబట్టి రూపాయలు, అణాలు, పైసలు. మొత్తం 17 ఊళ్లు. ఆ ఇంటి వాళ్లకి అందులో ఆరు ఊళ్లతో బంధుత్వం ఉందనే తెలియదు. "మేనమామ" అన్న ఒక్క మాట పక్కన ఊరు పేరు ఉండటంతో పెళ్లికూతురి తల్లి పుట్టిల్లు తేలిపోయింది. ఏ ప్రభుత్వ లెక్కా ఇంత చెప్పదు. దయచేసి పాత పుస్తకాలు తూకానికి వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి.

అలాగే ఇత్తడి, కంచు సామాను. గుండిగ మెడ కింద, బిందె అంచు మీద ఇచ్చినవారి పేరు, కొన్నిటి మీద ఊరు, సంవత్సరం చెక్కించేవారు. పీచుతో, చింతపండుతో తోమి తోమి అరిగిపోయి ఉంటుంది. బొగ్గుపొడి రుద్ది పక్కనుంచి టార్చిలైటు వేస్తే అక్షరాలు లేస్తాయి. ఇంట్లో పెద్దావిడ ఉంటే "మన వంశం చెప్పు" అని అడగకండి, ఏమీ గుర్తులేదంటుంది. "ఈ గంగాళం ఎవరు పెట్టారు?" అనడగండి. అక్కడి నుంచి ఆవిడే చెప్పుకుపోతుంది.

శుభలేఖలు, లగ్నపత్రికలు ఉంటే వాటిలో తాతల పేర్లుంటాయి. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి మూడు తరాల పేర్లు రెండు వైపులా చెబుతారు. ఆబ్దికం పెట్టే ఇంట్లో అయితే ఆ మూడు పేర్లు ఇప్పటికీ ఏటా పలుకుతూనే ఉన్నారు. మీ ఇంటి పురోహితుణ్ణి అడిగారా? చాలామంది అడగరు. గయలో, కాశీలో పిండాలు పెట్టినవాళ్ల పేర్లు అక్కడి పురోహితుల వహీల్లో, అంటే వాళ్ల యాత్రికుల పుస్తకాల్లో, కూడా ఉంటాయి.

రెండోది, నా వృత్తికి సంబంధించినది, మీ పనికి అసలైనది: పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి. డెల్టాలో ఆనకట్ట వచ్చాక, అంటే 1852 తర్వాత, భూమికి విలువ పెరిగింది. కాస్త ఉన్నవాళ్లు ఆడపిల్లకి అరెకరమో ఎకరమో రాసిచ్చేవారు. కొందరు పెళ్లినాడు నోటిమాటగా ఇచ్చి, పదేళ్లకి, ఇరవై ఏళ్లకి కాగితం రాసేవారు. ఆ కాగితంలో మాటలు దాదాపు ఇలా ఉంటాయి: "నా కుమార్తెవైన నీ వివాహకాలమందు పసుపు కుంకుమల నిమిత్తం నీకు ఇచ్చి స్వాధీనపరచియున్న ఈ దిగువ షెడ్యూలు భూమిని..." పైన ఆవిడ ఎవరి భార్యో, ఏ ఊరి కాపురస్తురాలో. కింద తండ్రి చేవ్రాలు లేదా వేలిముద్ర. పెళ్లి రిజిస్టరులో ఉండాల్సిన వివరాలన్నీ ఆ ఒక్క కాగితంలో ఉన్నాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏంటంటే, అమలాపురం వైపు ఆఫీసులోనే వెతుకుతారు. దస్తావేజు రిజిస్టరయ్యేది భూమి ఉన్నచోట. ఆ భూమి పుట్టింటి ఊళ్లో ఉంటుంది. కాబట్టి కాగితం పుట్టింటి వైపు ఆఫీసులో ఉంటుంది. కానీ పేరు మాత్రం అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. అంటే ఆచంట, భీమవరం వైపు ఆఫీసుల్లో మీ ఇంటిపేరుతో వెతకాలి. ఆ ప్రాంతంలో మీ ఇంటిపేరు అరుదు కాబట్టి కనిపిస్తే వెంటనే తెలుస్తుంది.

ఇంకొకటి. దూరపు భూమి చూసుకోలేక చాలామంది ఆడవాళ్లు తర్వాత అమ్మేసి, అత్తింటి ఊళ్లో కొనుక్కున్నారు. అమ్మిన కాగితంలో "నాకు నా తండ్రిగారు ఫలానావారి వల్ల సంక్రమించిన" అని రాయక తప్పదు. కొన్న కాగితంలో "నా స్త్రీధనం సొమ్ముతో" అని రాస్తారు. మీ ఇంట్లో ఉన్న పాత దస్తావేజుల్లో తాతమ్మగారి పేరు మీద కొన్నది ఏదైనా ఉందేమో ముందు చూడండి. మగవాళ్ల పేరు మీదున్నవి మాత్రమే చూసి ఊరుకుంటారు. వంశం వెతకడంలో ఆడవాళ్ల కాగితాలే రెండిళ్లని కలుపుతాయి, ఇది నేను ఎంత చెప్పినా తక్కువే.

దస్తావేజు చేతికొచ్చాక చాలామంది పేర్లు చూసి మడిచేస్తారు. హద్దులు చదవండి, సాక్షులని చదవండి. అన్నదమ్ములు పంచుకున్న భూమి పక్కపక్కనే ఉంటుంది. "తూర్పు: ఫలానావారి దొడ్డి, దక్షిణం: బోదె" అని ఉంటే, ఆ తూర్పు ఆయన మూడొంతులు దాయాదే. నేనొక కుటుంబానికి ఒకే సర్వే నంబరులో నాలుగు దస్తావేజుల హద్దులు కాగితం మీద గీసి కలిపాను. నాలుగు ముక్కలూ కలిస్తే ఒక పెద్ద చతురస్రం వచ్చింది. నలుగురు అన్నదమ్ములు, ఆ చతురస్రం వాళ్ల తండ్రిది. ఆ తండ్రి పేరు ఏ దస్తావేజులోనూ లేదు, డైగ్లాటు రిజిస్టరులో, అంటే సర్వే నంబరువారీగా పట్టాదార్ల పేర్లు రాసిన పాత సెటిల్‌మెంటు పుస్తకంలో, ఆ నంబరు ఎదురుగా ఉంది.

ఆఫీసులో పద్ధతి క్లుప్తంగా. 1983 నుంచి అయితే ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కంప్యూటరులో వస్తుంది. అంతకుముందుది చేత్తో వెతకాలి. ఇండెక్సు రెండు రకాలు, ఒకటి పేర్లవారీగా, ఒకటి ఊరూ ఆస్తివారీగా. మీకు కావాల్సింది పేర్లది. దరఖాస్తు పెట్టి, వెతుకుడు ఫీజు కట్టి, దస్తావేజు నంబరు దొరికాక సర్టిఫైడ్ నకలు తీసుకోండి. భూమి దస్తావేజుల నకలు ఎవరైనా అడగొచ్చు. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు వేరే పుస్తకంలో ఉంటాయి. వీలునామా నకలు రాసినాయన పోయాక ఇస్తారు. ఇంటిపేరు ఉన్నట్టుండి మారిందంటే దత్తతో ఇల్లరికమో అయ్యుంటుంది, అప్పుడు ఆ పుస్తకం చూడాలి.

అంతకు వెనక్కి వెళ్లాలంటే, ఈనాం భూమి (సేవకో దానంగానో శిస్తు లేకుండానో తక్కువ శిస్తుతోనో ఇచ్చిన భూమి) ఉన్న కుటుంబాలకి ఈనాం ఫెయిర్ రిజిస్టరు ఉంది. 1858లో మొదలైన ఈనాం కమిషన్ ప్రతి ఈనాంకీ మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత, మొదటివాళ్లకి వీళ్లు ఏమవుతారు అని అడిగి రాసింది. పురోహితులకే కాదు, మంగలి, చాకలి, కమ్మరి, దేవాలయంలో మేళగాళ్లు, ఇలా ఊరి పని చేసిన చాలామందికి ఈనాంలు ఉండేవి. పిఠాపురం లాంటి జమీందారీ గ్రామాల రైతులకి మాత్రం పాత పట్టాలు దొరకడం కష్టం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగలు (ఊళ్లో ఏ భూమి ఎవరిదో రాసిన లెక్క) నుంచే వాళ్ల లెక్క మొదలవుతుంది.

భూమి లేనివాళ్ల సంగతి నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. పొలం పండించింది వాళ్లు, పేరు మాత్రం ఏ అడంగల్లోనూ ఉండదు. వాళ్లకి చర్చి పుస్తకాలు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు, కరణాలు రాసిన జనన మరణ పుస్తకాలు చూడాలి. పుట్టుక నమోదులో బిడ్డకి పేరు ఉండదు, "మగశిశువు" అని ఉంటుంది, తండ్రి పేరుతోనే పట్టుకోవాలి. దక్షిణాఫ్రికా నాటాలుకి కూలికి వెళ్లినవాళ్లయితే ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లాతో సహా ఉన్నాయి. ఇక్కడ ఉండిపోయిన అన్నదమ్ముల కంటే వెళ్లినవాళ్ల వివరమే మిగిలింది.

తేదీల గురించి ఒక మాట. పాత కాగితాల్లో ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1331 అంటే 1921 జూలై నుంచి 1922 జూన్. తెలుగు సంవత్సరం పేరే ఉంటే అరవై ఏళ్లకోసారి అదే వస్తుందని మరిచిపోకండి. శుక్ల అంటే 1869-70 కావచ్చు, 1929-30 కావచ్చు. ఆ 1929-30 శుక్ల మాఘ, ఫాల్గుణాల్లో జరిగిన చిన్నపిల్లల పెళ్లిళ్లు మీకు చాలా తగులుతాయి. బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని తెలిసి, ఈలోపే ముడిపెట్టేశారు. 1921 కంటే 1931 లెక్కల్లో దేశమంతటా పదిహేనేళ్లలోపు వివాహిత బాలికలు పెరిగారు. ఆ తర్వాత కూడా చేయాలనుకున్నవాళ్లు యానాం వెళ్లారు. అప్పట్లో అది ఫ్రెంచివాళ్లది, ఆ చట్టం అక్కడ వర్తించేది కాదు. అందుకే యానాంకి కల్యాణపురం అని పేరొచ్చింది. "మా తాతమ్మ పెళ్లి యానాంలో జరిగింది, మేం యానాం వాళ్లం" అనేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న ఏ సంవత్సరం అని. పెళ్లికి వెళ్లొచ్చిన ఊరు వేరు, పుట్టిన ఊరు వేరు. నిజంగా యానాం కుటుంబమే అయితే ఫ్రెంచి జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉన్నాయి. ఫ్రాన్సులో ఎక్స్ అన్ ప్రొవాన్స్‌లో ఉన్న ఆర్కైవ్స్ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టింది.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను, మీరు చేయకూడదని. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు. సుబ్బారాయుడు కొడుకు వెంకన్న, వెంకన్న కొడుకు సుబ్బారాయుడు, మళ్లీ ఆయన కొడుకు వెంకన్న. ఒక కుటుంబానికి నేను 1889 దస్తావేజులో ఉన్న ఆయన్నీ, 1934 దస్తావేజులో ఉన్న ఆయన్నీ ఒకరే అనుకుని కలిపేశాను. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ సరిపోయాయి. మధ్యలో రెండు తరాలు ఎగిరిపోయాయి. వాళ్లు ఆ వంశవృక్షం అచ్చు వేయించి పెళ్లిలో పంచారు. ఏడాది తర్వాత మొదటాయన భార్య 1897లో వైధవ్యంలో ఉండగా రాసిన తనఖా కాగితం దొరికితే గుండె గుభేలుమంది. వెళ్లి చెప్పాను, దిద్దాం. అప్పటి నుంచి ప్రతి మనిషికీ భార్య పేరు కూడా సరిపోతేనే కలుపుతున్నాను. మేనరికాలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. రెండే ఇంటిపేర్లు మూడు తరాలుగా ఇచ్చిపుచ్చుకుంటే అత్త ఎవరో, కోడలు ఎవరో కలిసిపోతారు. కుండమార్పిడి పెళ్లి అయితే చెప్పనే అక్కర్లేదు.

మీరిప్పుడు చేయాల్సింది: ముందు ఇంట్లో తాతమ్మగారి పేరున్న ప్రతి కాగితం, ప్రతి పాత్రా చూడండి. తర్వాత ఆవిడ పెళ్లి సుమారు ఏ ఏడు జరిగిందో లెక్కవేసుకుని, అప్పటి నుంచి ముప్పై ఏళ్ల వరకు పేర్ల ఇండెక్సు, ముందు ఆచంట కోడేరు ఏ ఆఫీసు కిందికి వచ్చేదో అక్కడ, తర్వాత భీమవరం వైపు మూడు ఊళ్లకీ వెతికించండి. పాత నకళ్లు చేత్తో ఎక్కించినవి, గొలుసుకట్టు రాత, అంకెలు కూడా తెలుగువే ఉండొచ్చు. చదవడం రాకపోతే హద్దుల పేరా, సాక్షుల పేర్లు ఉన్న పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. సర్వే నంబరు కనిపించకుండా చెయ్యి అడ్డుపెట్టి తీయండి. నేను చదివి పెడతాను.